జావా జనసంఖ్య: 1815 నాటి లెక్క

ఇండోనేషియా భూభాగంలో జావా ద్వీపం సుమారు 7 శాతమే. 2020 జనగణన ప్రకారం దేశంలోని 27 కోట్ల మందిలో 15 కోట్లకు పైగా అక్కడే ఉన్నారు. అగ్నిపర్వతాల బూడిదతో సారవంతమైన నేల, మాగాణి వరిసేద్యం ఇందుకు కారణాలని చెప్పడం పరిపాటి. అది నిజమే కాని, చాలదు. సుమత్రాలోనూ అగ్నిపర్వతాలున్నాయి, ఇంతటి జనసమ్మర్దం లేదు.

అసలు చిక్కు తొలి లెక్కలో ఉంది. ఆంగ్లేయుల స్వల్పకాల పాలనలో స్టాంఫర్డ్ రాఫెల్స్ భూమిశిస్తు నిర్ణయానికై చేయించిన 1815 నాటి గణన జావా, మదురాల జనాభాను సుమారు 46 లక్షలుగా చూపింది. 1930 జనగణనలో అది 4 కోట్ల 17 లక్షలు. నూట పదిహేనేళ్లలో తొమ్మిది రెట్లు! డచ్చివారి పాలన తెచ్చిన శాంతి, మశూచి టీకాల ఫలితమే ఇదని వలసవాద రచయితలు చెప్పుకొన్నారు. అయితే శిస్తు కోసం తలలు లెక్కించే అధికారికి ఏ రైతు తన ఇంటివారందరినీ చూపుతాడు? 1970లో విజోయో నితిసాస్త్రో ఈ గణాంకాల విశ్వసనీయతను ప్రశ్నించాడు. అదే ఏడాది బ్రామ్ పెపెర్ నాటి జనాభా అందుకు దాదాపు రెట్టింపు ఉండవచ్చునని వాదించాడు. ఆ వాదం నిలిస్తే పెరుగుదల వేగం సగానికి సగం అద్భుతం కోల్పోతుంది. నిర్బంధ సాగు విధానం 1830లో మొదలైన తరువాతి దశాబ్దాలను సుభిక్షంగా చూపే ఆధారమూ సడలుతుంది.

జనవృద్ధిని తన ఘనతగా భావించిన ఆ ప్రభుత్వమే 1905లో, జావా కిక్కిరిసిందంటూ, కేదూ ప్రాంతపు 155 కుటుంబాలను దక్షిణ సుమత్రాలోని లాంపుంగ్‌కు తరలించింది.