చేతి రేడియోకు ఊడని ఏరియల్

జాతరలలో కావలివారి చేతను, పెద్ద కట్టడములు లేచుచోట మేస్త్రీల చేతను చిన్న రేడియోలు కనబడుచుండును. ఒకరి మాట వినుటకును, తిరిగి బదులు చెప్పుటకును అదే పెట్టె చాలును. దీనికే వాకీటాకీ అని పేరు. ఇట్టివి రెండు మూడు తెచ్చి ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక భేదము తెలియును. కొన్నింటి ఏరియల్‌ను మరత్రిప్పి ఊడదీయవచ్చును. మరికొన్నింటి ఏరియల్ పెట్టెతో ఏకమై యుండును. ఎంత త్రిప్పినను రాదు. ఖర్చు తగ్గుననియు, మర ఉన్నచోట నీరు దూరుననియు ఇట్లు చేసిరని పలువురు తలంతురు. అదియు కొంత నిజమే. కాని అసలు కారణము ఈ పరికరము చరిత్రలో ఉన్నది.

1940లో అమెరికాలోని చికాగో నగరమున, తరువాత మోటరోలా అని పేరుపొందిన గాల్విన్ కంపెనీవారు సైనికుల కొరకు ఎస్.సి.ఆర్.-536 అను చేతి రేడియోను రూపొందించిరి. అందులో ఐదు వాల్వులు ఉండెను. బ్యాటరీలతో కూడ బరువు సుమారు 2.3 కిలోగ్రాములు. దానిని పనిచేయించుటకు ప్రత్యేకముగా మీట లేదు. ఏరియల్‌ను పైకి లాగినచో రేడియో పలుకును. లోనికి నెట్టినచో ఆగిపోవును. రెండవ ప్రపంచయుద్ధములో అమెరికను సైనికులు దీనిని విరివిగా వాడిరి.

ఈ రేడియో 3.5 నుండి 6 మెగాహెర్ట్జ్ వరకు గల పౌనఃపున్యములలో పనిచేసెడిది. 300ను మెగాహెర్ట్జ్ సంఖ్యచే భాగించినచో తరంగదైర్ఘ్యము మీటర్లలో వచ్చును. కనుక 3.5 మెగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యము సుమారు 86 మీటర్లు. నిలువు కడ్డీ బాగుగా ప్రసారము చేయవలెనన్న దాని పొడవు తరంగదైర్ఘ్యములో నాలుగవ వంతు, అనగా 21 మీటర్లు ఉండవలెను. సైనికుడు తాటిచెట్టంత కడ్డీని మోయగలడా? ఎస్.సి.ఆర్.-536 ఏరియల్ పొడవు సుమారు ఒక మీటరు మాత్రమే. ఆ కొరతను లోపలి తీగచుట్టలతో సరిపెట్టిరి. పౌనఃపున్యము మార్చదలచినచో స్ఫటికములతోపాటు ఆ చుట్టలను గూడ మార్చవలసి యుండెను. అనగా ఏరియల్ ఆ పెట్టెకు తగిలించిన వస్తువు కాదు, లోపలి విద్యుద్వలయములో ఒక భాగము. ఇంత చేసినను నేలపై మాట సుమారు ఒక మైలు దూరమే పోయెడిది.

నేడు ప్రజలు వాడు చేతి రేడియోలు పెక్కింటి పౌనఃపున్యము 460 మెగాహెర్ట్జ్ ప్రాంతమున ఉన్నది. అచట తరంగదైర్ఘ్యము 65 సెంటీమీటర్లు. అందు నాలుగవ వంతు 16 సెంటీమీటర్లు, అనగా జానెడుకు తక్కువ. ఇంత చిన్న కడ్డీని మరతో బిగించి కావలసినప్పుడు తీయుటకు ఏ అడ్డంకియు లేదు. ప్రకృతి వేసిన ముడి వీడినది. అయినను ఏరియల్ ఊడిరాకున్నది. ఈసారి ముడి వేసినది చట్టము.

ఆ చట్టము వెనుక ఒక అనుభవమున్నది. సామాన్య పౌరులు సొంతపనులకు రేడియో వాడుకొనుటకై అమెరికాలోని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1958లో 27 మెగాహెర్ట్జ్ ప్రాంతమున కొన్ని ఛానెళ్లను కేటాయించెను. 1970 తరువాత లారీ డ్రైవర్లు మొదలుకొని గృహస్థుల వరకు లక్షలాది జనులు ఈ రేడియోలను కొనిరి. చట్టము అనుమతించినది 4 వాట్లు. కాని కొందరు దొంగతనముగా శక్తివర్ధకములను తగిలించిరి. 1977లో ఛానెళ్లను 23 నుండి 40కి పెంచవలసి వచ్చెను. 1983లో లైసెన్సు నిబంధననే తీసివేసిరి. అందరును గట్టిగా అరచు సంతలో మెల్లగా మాట్లాడువాని గతి యేమగునో, నియమము పాటించిన పౌరుని గతియు అదే అయ్యెను.

శక్తికి హద్దు పెట్టిన చాలదా, ఏరియల్‌తో పనియేమి అని విద్యార్థులు అడుగవచ్చును. రెండు చిన్న లెక్కలు చేసి చూతము.

ఏరియల్ శక్తిని పుట్టింపదు. ఉన్న శక్తిని పంచును. అన్ని దిక్కులకు పోవు తరంగములను ఒక్క దిక్కునకు పోగుచేసి పది రెట్లు చేయు ఏరియల్‌ను అర వాటు రేడియోకు తగిలించినచో, ఆ దిక్కున ఉన్నవారికి అది 5 వాట్ల రేడియో వలె వినబడును. పెట్టెలోని శక్తి మాత్రము పెరుగలేదు!

రెండవది ఎత్తు. ఈ తరంగములు దాదాపు తిన్నగా పోవును. చదునైన నేలపై ఒకటిన్నర మీటరు ఎత్తున పట్టుకొన్న రేడియోకు సుమారు 4.4 కిలోమీటర్ల వద్ద భూమి వంపు అడ్డము వచ్చును. ఏరియల్‌ను విడదీసి 15 మీటర్ల స్తంభముపై నిలిపినచో ఆ దూరము సుమారు 14 కిలోమీటర్లగును. దూరము మూడు రెట్లే. కాని వైశాల్యము పది రెట్లు. ఒక్కని సౌకర్యము కొరకు పది రెట్ల నేలపై నున్నవారి మాటలకు ఆటంకము కలుగును.

రేడియో పౌనఃపున్యములు ఊరి చెరువు వంటివి. ఒకడు తన తూమును వెడల్పు చేసికొన్నచో చివరి పొలము ఎండును.

కనుకనే 1996లో అమెరికాలో కుటుంబ రేడియో సేవ అను పేర లైసెన్సు లేని చేతి రేడియోలను అనుమతించినప్పుడు, శక్తి అర వాటు మించరాదనియు, ఏరియల్ పెట్టెనుండి వేరుచేయ వీలులేని భాగముగా ఉండవలెననియు రెండు నియమములను జంటగా పెట్టిరి. ఐరోపాలో 1998లో 446 మెగాహెర్ట్జ్ వద్ద ఏర్పరచిన సేవకును ఇట్టి నియమములే కలవు. 2017లో అమెరికా కొన్ని ఛానెళ్లలో శక్తిని 2 వాట్ల వరకు పెంచెను. ఏరియల్ నియమమును మాత్రము సడలింపలేదు. మన దేశమున 2018 నాటి నియమములు 446.0 నుండి 446.2 మెగాహెర్ట్జ్ వరకు గల పట్టీలో తక్కువశక్తి వాకీటాకీలకు లైసెన్సు అక్కరలేదనినవి.

మరి ఊడివచ్చు ఏరియల్ ఎవరికి? తమ వాడుకకు తాము బాధ్యత వహించువారికి. అమెచ్యూర్ రేడియో వాడదలచినవారు మన దేశమున పరీక్ష నెగ్గి లైసెన్సు పొందవలెను. పిదప ఏరియల్‌ను మార్చుకొను స్వేచ్ఛ వారికి లభించును. ఆ స్వేచ్ఛ సంఘమునకును ఉపకరించును. 1983లో హైదరాబాదున స్థాపింపబడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందమొకటి 2004 డిసెంబరులో అండమాను దీవులలో ఉండెను. 26వ తేదీన సునామీ వచ్చి టెలిఫోనులు మూగపోగా, ఆ బృందము తన రేడియోలతో దీవుల వార్తలను ఇవతలి తీరమునకు అందించెను.

కావున ఊడని ఏరియల్‌ను లోపమని తలపరాదు. అది పౌరునకును సంఘమునకును నడుమ కుదిరిన ఒడంబడిక. పరీక్ష వలదు, లైసెన్సు వలదు, కొన్న వెంటనే మాట్లాడవచ్చును. బదులుగా పొరుగువాని మాట మీదికి నీ మాటను ఎత్తరాదు. కాగితముపై వ్రాసిన నియమమును మరచువారు ఉందురు. పెట్టెలోనే పోతపోసిన నియమమును మరచుట కష్టము.