Pasmanda Muslims: పస్మాందా ముస్లింలు అంటే ఎవరు? బీజేపీ వీళ్లపైనే ఎందుకు ఫోకస్ పెట్టింది? మన దూదేకులకు దీనితో లింకేంటి?

2022 జులైలో హైదరాబాద్‌లో బీజేపీ జాతీయ కార్యవర్గ సమావేశాలు జరిగాయి. ఇతర మతాల్లోని అణగారిన వర్గాలకూ దగ్గరవ్వాలని ప్రధాని మోదీ ఆ వేదికపై పార్టీ నేతలకు సూచించినట్లు వార్తలొచ్చాయి. అంతకు వారం ముందే ముస్లిం ఓటర్లు ఎక్కువగా ఉండే రాంపూర్ లోక్‌సభ ఉప ఎన్నికలో బీజేపీ గెలిచింది. అప్పటినుంచి ‘పస్మాందా’ అనే మాట బాగా వినిపిస్తోంది.

పస్మాందా అంటే ఏంటి?

ఇది పర్షియన్ పదం. ‘వెనకబడిపోయినవాళ్లు’ అని అర్థం. ఇస్లాంలో కులం లేదంటారు. కానీ మన దేశంలో వాస్తవం వేరు. సయ్యద్, షేక్, మొఘల్, పఠాన్ లాంటి వర్గాలను అష్రాఫ్ అంటారు. నేతపని చేసే అన్సారీలు, దూది ఏకే మన్సూరీలు, మాంసం వ్యాపారం చేసే ఖురేషీలు లాంటి వృత్తి కులాలు, దళిత మూలాలున్నవాళ్లు కలిస్తే పస్మాందా. ముస్లింలలో తామే 80 శాతానికి పైగా ఉంటామన్నది ఆ సంఘాల లెక్క. మాజీ ఎంపీ అలీ అన్వర్ 1998లో బిహార్‌లో పస్మాందా ముస్లిం మహాజ్ స్థాపించారు. అంటే బీజేపీ కంటే చాలా ముందే ఈ ఉద్యమం ఉంది.

బీజేపీ, సంఘ్ ఏం చేశాయి?

* 2022లో యూపీలో డానిష్ ఆజాద్ అన్సారీకి మంత్రి పదవి దక్కింది.
* 2022 సెప్టెంబర్‌లో ఆర్ఎస్ఎస్ చీఫ్ మోహన్ భాగవత్ ఢిల్లీలో ఓ మసీదుకు వెళ్లి ఇమామ్ ఉమర్ అహ్మద్ ఇల్యాసీని కలిశారు.
* 2023 జూన్‌లో భోపాల్ సభలో మోదీ పస్మాందాల వెనకబాటును ప్రస్తావించారు.
* 2025 వక్ఫ్ సవరణ చట్టంలో రాష్ట్ర వక్ఫ్ బోర్డుల్లో వెనకబడిన ముస్లిం వర్గాలకు చోటు కల్పించారు.
* 2025 రంజాన్ సమయంలో ‘సౌగాత్-ఎ-మోదీ’ పేరుతో పేద ముస్లింలకు కిట్లు పంచారు.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితేంటి?

పస్మాందా అనే పేరు ఇక్కడ పెద్దగా వాడరు కానీ, ఆ వర్గాలు మాత్రం ఉన్నాయి. దూది ఏకడం కులవృత్తిగా ఉన్న దూదేకులు (నూర్ బాషాలు) బీసీ-బీ జాబితాలో ఉన్నారు. మెహతర్లు బీసీ-ఏలో ఉన్నారు. 2007లో ఉమ్మడి ఏపీ ప్రభుత్వం ధోబీ ముస్లింలు, అత్తరు సాయిబులు, గారడి ముస్లింలు, ఖురేషీ, షేక్ సహా 14 వర్గాలను బీసీ-ఈలో చేర్చి 4 శాతం కోటా ఇచ్చింది. సయ్యద్, మొఘల్, పఠాన్‌లను పక్కనపెట్టింది. ఉత్తరాదిలో పైవర్గంగా చూసే షేక్‌లు ఇక్కడ మాత్రం బీసీలే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ కోటా మతం ఆధారంగా ఇచ్చిందని, రాజ్యాంగానికి విరుద్ధమని బీజేపీ వాదన. అధికారంలోకి వస్తే రద్దు చేస్తామని 2023 ఏప్రిల్‌లో చేవెళ్ల సభలో అమిత్ షా ప్రకటించారు. ఇచ్చింది మతాన్ని బట్టి కాదు, వెనకబాటును బట్టి అన్నది కోటాను సమర్థించేవాళ్ల మాట. ఈ సీట్లు, ఉద్యోగాలపైనే ఆశ పెట్టుకున్న కుటుంబాలకు ఇది మామూలు విషయం కాదు. దూదేకులు బీసీ-బీలో ఉన్నారు కాబట్టి బీసీ-ఈ వివాదం వాళ్ల కోటాను నేరుగా తాకదు.

ఎస్సీ హోదా సంగతేంటి?

పస్మాందా సంఘాల పాత డిమాండ్ ఇది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. దళిత ముస్లింలు, దళిత క్రైస్తవులు మాత్రం ఇంకా బయటే ఉన్నారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మత నిబంధన తీసేయాలని సిఫార్సు చేసింది. అయితే కేంద్రం ఆ నివేదికను అంగీకరించలేదు. 2022 అక్టోబర్‌లో ఇదే అంశంపై జస్టిస్ కేజీ బాలకృష్ణన్ కమిషన్ వేసింది.

మరి ఓట్లు, టికెట్ల మాటేంటి?

2024 లోక్‌సభ ఎన్నికల్లో బీజేపీ ఒకే ఒక్క ముస్లింకు టికెట్ ఇచ్చింది. కేరళలోని మలప్పురంలో పోటీ చేసిన అబ్దుల్ సలాం ఓడిపోయారు. ఆ ఏడాది జూన్‌లో ప్రమాణం చేసిన కేంద్ర మంత్రుల్లో ముస్లింలు ఎవరూ లేరు. ఇళ్లు, రేషన్, గ్యాస్ పథకాలు మతం చూడకుండా పేద ముస్లింలకూ అందుతున్నాయని బీజేపీ చెబుతోంది. ముస్లిం ఓట్లను చీల్చడానికే ఈ ప్రయత్నమని ప్రతిపక్షాలు విమర్శిస్తున్నాయి. పస్మాందా నేతలు మాత్రం రెండు వైపులనూ అడుగుతున్నది ఒకటే.. మా పేరు చెప్పడం సరే, రిజర్వేషన్‌లో, చట్టసభల్లో మా వాటా ఎంత?