చెన్నపట్నంలో గెయిటీ

మన సంఘంలో పెద్దవాళ్లు నలుగురు కూడితే మాట చివరకు మద్రాసు మీదికే పోతుంది. మెరీనా గాలి, మౌంట్ రోడ్డు ట్రాములు, సినిమా హాళ్లు. ఆ హాళ్లలో ఒకదాని గురించి నాలుగు మాటలు రాయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాం. అది ఇప్పుడు లేదు. దాన్ని కట్టించింది ఒక తెలుగువాడని మా ఈడువాళ్లలో చాలామందికి తెలియదు. మాకూ ఆలస్యంగానే తెలిసింది.

రఘుపతి వెంకయ్య నాయుడుగారిది మచిలీపట్నం. ఒక సముద్రపుటొడ్డు నుంచి మరో సముద్రపుటొడ్డుకు బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చి, మద్రాసులో ఫొటో స్టూడియో పెట్టుకున్నారు. 1909 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం సంపాదించారు. తెర మీద బొమ్మ ఆడుతుంటే దానికి జత చేసిన గ్రామఫోను పాడుతుంది. మూగ బొమ్మల కాలంలో అదొక పెద్ద వింత. ఆ యంత్రం వెంటబెట్టుకుని, డేరాలు వేసుకుంటూ బర్మా, సింహళం దాకా వెళ్లి ఆడించి వచ్చారు.

డేరా ఎన్నాళ్లు నిలుస్తుంది? 1914లో మౌంట్ రోడ్డు పక్కన బ్లాకర్స్ రోడ్డులో గెయిటీ కట్టారు. మద్రాసులో భారతీయుడు కట్టిన మొదటి శాశ్వత సినిమా హాలు అదే. తరువాత మింట్ వీధిలో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్ లేచాయి. 1921లో ఆయన కుమారుడు ప్రకాశ్ ‘భీష్మ ప్రతిజ్ఞ’ అనే మూకీ తీశారు. తెలుగువారి తొలి చిత్రంగా దాన్నే చెప్పుకుంటాం. ఆ చిత్రం ప్రతి ఒక్కటీ మిగలలేదు. వెంకయ్యగారు 1941లో కన్నుమూశారు. 1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన పేరిట పురస్కారం నెలకొల్పింది.

గెయిటీకి ఏడాది ముందు, 1913లో, వార్విక్ మేజర్ అనే దొర మౌంట్ రోడ్డులో ఎలక్ట్రిక్ థియేటర్ కట్టాడు. అది కొద్దికాలానికే మూతపడినా తపాలా శాఖ చేతికి వచ్చింది గనుక భవనం నిలిచింది. నాలుగు రోజులు ఆడిన హాలు మిగిలింది, తరాలపాటు ఆడిన హాలు పోయింది. ఇంటింటికీ టీవీ వచ్చి, హాలు రాబడికన్నా దాని కింద నేల ఖరీదు పెరిగాక పాత హాళ్లకు పట్టిన గతే గెయిటీకీ పట్టింది.

ఇదంతా మేము చదివి తెలుసుకున్నది. చదవకుండానే తెలుసుకోగలిగిన అవకాశం మా ఇంట్లోనే ఉండేది.

మా తాతగారు 1940లలో మద్రాసులో చదువుకున్నారు. చివరి రెండేళ్లు అమెరికాలో మా దగ్గరే ఉన్నారు. మతిమరపు జబ్బు. సాయంత్రమయ్యేసరికి చొక్కా తొడుక్కుని, బయట మోకాలిలోతు మంచు పడి ఉన్నా సరే, “ఒరేయ్, గెయిటీకి వేళయింది, ట్రాము వెళ్లిపోతుంది” అంటూ గుమ్మంలో నిలబడేవారు. మద్రాసులో ట్రాములు 1953లోనే ఆగిపోయాయి. మేమిద్దరం వైద్యులం. నిన్నటి సంగతి పోయి, చిన్ననాటి సంగతి నిలవడం ఆ జబ్బు లక్షణమని మాకు తెలుసు. తెలిసి ఏం చేశాం? “ఇది మద్రాసు కాదు తాతయ్యా” అని చొక్కా విప్పించి, మందు వేసి పడుకోబెట్టేవాళ్లం. ఏ ఆటకు వెళ్లేవారు, టిక్కెట్టు నేలా బెంచీయా, పక్కన ఎవరు కూర్చునేవారు అని ఒక్క సాయంత్రమైనా అడగలేదు. అడిగితే చెప్పేవారే. ఆయనకు మిగిలి ఉన్నవి ఆ సంగతులే కదా!

గెయిటీ కట్టిన ఏడు పుస్తకాల్లో దొరుకుతుంది. అందులో కూర్చుని చూసిన మా తాతగారి మాట ఎక్కడా దొరకదు.

అక్కడి భవనాలను ఇక్కడి నుంచి మనం కాపాడలేం. మన ఇళ్లలోని పెద్దవాళ్లను అడగడం మాత్రం మన చేతిలో పని. బందరు, కాకినాడ, విశాఖ, ఏ ఊరి హాలైనా సరే, వాళ్లు చెబుతుండగా రాసి ఈ పత్రికకు పంపండి. మతి తప్పి మాట్లాడుతున్నారనిపించినా ఆపకండి, రాసుకోండి.