జూబ్లీ బస్టాండు మెట్రో స్టేషను – ఒక ఆఖరి మజిలీ కథ

మన సంఘ సభ్యులలో హైదరాబాదు పని పడనివారు లేరు. ఉద్యోగంలో ఉండగా ఫైళ్ళు పట్టుకొని వెళ్ళాము. ఇప్పుడు పింఛను కాగితాలకో, కంటి పరీక్షకో, మనుమలను చూడడానికో వెళుతున్నాము. ఆర్మూరులో బస్సెక్కి కామారెడ్డి, మేడ్చల్ దాటి సికింద్రాబాదు జూబ్లీ బస్టాండులో దిగడం మనకు అలవాటే. ఆ బస్టాండు దగ్గర వెలసిన మెట్రో స్టేషను కథను మిత్రుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

నగర రైలు కొత్త విషయమేమీ కాదు. లండనులో 1863లోనే భూగర్భ రైలు నడిచింది. మన దేశంలో కలకత్తాకు 1984లో, ఢిల్లీకి 2002లో మెట్రో వచ్చింది. హైదరాబాదులో 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు మొదలైనా అవి పాత పట్టాల మీదనే నడిచాయి. మెట్రోకు మొదట ఒక టెండరు ఖరారై రద్దయింది. మళ్ళీ పిలిచి, 2010 సెప్టెంబరు 4న ఎల్ అండ్ టీ సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. అందులోని మూడు మార్గాలలో రెండవది జూబ్లీ బస్టాండు నుండి పాతబస్తీ మీదుగా ఫలక్‌నుమా వరకు.

2017 నవంబరు 28న మియాపూర్ – నాగోలు మధ్య 30 కిలోమీటర్లు ప్రారంభమయ్యాయి. మన వంతు 2020 ఫిబ్రవరి 7న వచ్చింది. నాటి ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖరరావు గారు జూబ్లీ బస్టాండు – మహాత్మాగాంధీ బస్ స్టేషన్ మార్గాన్ని ప్రారంభించారు. 11 కిలోమీటర్లు, 9 స్టేషన్లు, 16 నిమిషాల ప్రయాణం. నెలన్నర తిరగకుండానే కరోనా వల్ల రైళ్ళు ఆగి, సెప్టెంబరులో మళ్ళీ కదిలాయి.

ఆ 16 నిమిషాల విలువ నాబోటి గుమాస్తాకే తెలుస్తుంది. ఒకసారి అర్జెంటు ఫైలుతో తెల్లవారుజామున బయలుదేరాను. జూబ్లీ బస్టాండులో దిగి సిటీ బస్సులో నిలబడి కోఠి చేరేసరికి సంతకం చేయవలసిన దొర భోజనానికి వెళ్ళారు. సాయంత్రం దాకా వరండాలో కూర్చున్నాను. రేపు రమ్మన్నారు. ఆ రాత్రి బస్టాండు బెంచీ మీదనే, ఫైలు తలకింద పెట్టుకొని పడుకున్నాను. ఈమధ్య మా ఇంటావిడతో ముషీరాబాదు, చిక్కడపల్లి మీదుగా అదే దారిలో మెట్రోలో వెళుతుంటే ఆ బెంచీ గుర్తుకు వచ్చింది.

అయితే కాగితం మీద ఫలక్‌నుమా దాకా ఉన్న మార్గం ఎం.జి.బి.ఎస్. దగ్గరే ఆగింది. మిగిలిన ఐదున్నర కిలోమీటర్లకు 2024 మార్చి 8న ముఖ్యమంత్రి శ్రీ రేవంత్‌రెడ్డి గారు ఫలక్‌నుమా వద్ద శంకుస్థాపన చేశారు. 2025లో మన వైపు కొసను కూడా పొడిగించి, జూబ్లీ బస్టాండు నుండి ఒక మార్గం మేడ్చల్‌కు, మరొకటి శామీర్‌పేటకు వేయాలన్న ప్రతిపాదన వెలువడింది. అంటే ఆఖరి స్టేషను అంటే దారి ముగిసిన చోటు కాదు, ఫైలు ఆగిన చోటు.

ఫైలు ఆగడమంటే ఏమిటో ఆర్మూరు వారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1993-94లో మంజూరైన పెద్దపల్లి – నిజామాబాదు రైలుమార్గం 177 కిలోమీటర్లు పూర్తి కావడానికి 2017 దాకా పట్టింది. మన ఊరి స్టేషను కోసం ఎదురుచూసిన సహోద్యోగులు కొందరు ఆ రైలు కూత వినకుండానే వెళ్ళిపోయారు.

మేడ్చల్ దాకా మెట్రో వస్తే సంతోషమే. కానీ అప్పుడు మన బస్సులను అక్కడే ఆపివేస్తే, మోకాళ్ళ నొప్పులవారు సంచులతో మరొకసారి దిగి ఎక్కవలసి వస్తుంది. నేరుగా జూబ్లీ బస్టాండుకు వెళ్ళే బస్సులు కొన్ని ఉంచాలనీ, బస్సు దిగిన చోటు నుండి లిఫ్టు దాకా నీడ, కూర్చునే చోటు, మరుగుదొడ్డి ఉండాలనీ ఇప్పుడే మన సంఘం ద్వారా ఒక విజ్ఞాపన పంపితే బాగుంటుంది. ప్లాను ఖరారైన తరువాత ఇచ్చే అర్జీ ఏ బీరువాలో పడుతుందో నలభై ఏళ్ళు బీరువాల మధ్య గడిపిన మనకు తెలియనిదా?