వట్టి తునకలకు కరెంటు అక్కర్లేదు

మా బాపమ్మ చివరిదాకా ఫ్రిజ్జును నమ్మలేదు. కరీంనగర్‌లో దసరాకు యాటను కోస్తే, మిగిలిన కూరను సన్నగా పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి దండేనికి ఆరేసేది. మూడు నాలుగు మంచి ఎండలు తగిలితే వట్టి తునకలు తయారు. డబ్బాలో పెడితే చింతచిగురు వచ్చేదాకా ఉండేవి. ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఇప్పపువ్వునూ ఇట్లనే ఎండబెట్టి దాచుకుంటారు.

చల్లదనం చరిత్ర రాసేవాళ్లు మాత్రం ఓడలతో మొదలుపెడతారు. 1833లో బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ పంపిన మంచుగడ్డలు కలకత్తా చేరాయి. 1842లో మద్రాసు ఒడ్డున ఐస్ హౌస్ లేచింది. తర్వాత క్లారెన్స్ బర్డ్స్‌ఐ. 1912లో లాబ్రడార్ వెళ్లిన ఈ అమెరికన్, ఇన్యూట్‌లు పట్టిన చేప ఆ చలిగాలికి చూస్తుండగానే గడ్డకట్టడం, నెలల తర్వాత కూడా రుచి చెడకపోవడం గమనించాడు. త్వరగా గడ్డకడితే మంచు పలుకులు చిన్నవిగా ఉంటాయి, కండ చెదరదు. 1958లో గోద్రెజ్ మన దేశంలో ఫ్రిజ్జులు చేయడం మొదలుపెట్టింది.

మా వైపు ఈ కథకు మంచు కన్నా బొగ్గే ముఖ్యం. సిరిసిల్లలో 1970లో సహకార విద్యుత్ సరఫరా సంఘం వచ్చింది, దేశంలోని తొలి ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో అదొకటి. 1971లో రామగుండంలో 62.5 మెగావాట్ల కేంద్రం, 1983లో ఎన్టీపీసీ తొలి యూనిట్. ఇంత కరెంటు పక్కనే పుట్టినా కోతలు మాకూ తప్పలేదు. (దీపం కింద చీకటి అని ఊరికే అన్లేదు.)

ఎండా ఫ్రీజరూ చేసే పని ఒక్కటే, సూక్ష్మజీవులకు నీళ్లు అందకుండా చేయడం. ఎండ నీటిని తీసేస్తుంది. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర దాన్ని గడ్డకట్టించి పెడుతుంది. ఆ చలికి అవి చాలావరకు చావవు, ఆగుతాయంతే. కరెంటు పోతే మళ్లీ లేస్తాయి. నిండుగా ఉన్న విడి ఫ్రీజర్ తలుపు తెరవకుంటే సుమారు 48 గంటలు, సగమే నిండితే 24 గంటలు చలి నిలుపుతుంది. ఫ్రిజ్జు కింది అర నాలుగు గంటలే.

ఒక ఎండాకాలం మేం పెళ్లికి పోయినప్పుడు రెండ్రోజులు కరెంటు లేదట. మేం తిరిగొచ్చేసరికి కూర రాయిలా ఉంది. మంచిగున్నదనుకొని వండుకున్నం. ఆ రాత్రే అమ్మకు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. కరిగి, పాడై, మళ్లీ గడ్డకట్టిన కూరకూ మామూలు కూరకూ కంటికి తేడా ఉండదు. బూజు పట్టిన తునకైతే చెయ్యి పెట్టకముందే చెప్పేస్తది.

అప్పటినుంచి మా ఫ్రీజర్‌లో ఒక గ్లాసుడు మంచు, దాని మీద రూపాయి బిళ్ల ఉంటాయి. మంచు కరిగితే బిళ్ల మునుగుతుంది, మళ్లీ గడ్డకట్టినా పైకి రాదు. పోయిన వానాకాలం ఊరినుంచి వచ్చి చూస్తే బిళ్ల గ్లాసు అడుగున ఉంది. రెండు కిలోల మటన్ పారబోయడానికి అమ్మకు చేతులు రాలేదు. "గట్టిగనే ఉన్నది గదరా" అంది. నేను గ్లాసు చూపించిన. కొంచెం సేపు చూసి, అటక మీది డబ్బా దించమంది. అందులో బాపమ్మ పద్ధతిలో తనే ఎండబెట్టిన తునకలున్నాయి.