బేస్టింగ్ టేపు: పశ్చిమ నెల్లూరు కుట్టుపనిలో

బేస్టింగ్ టేపు రెండు వైపులా జిగురు ఉండే సన్నని పట్టీ. మిషను కుట్టు పడేదాకా బట్ట పొరలు జరగకుండా పట్టి ఉంచడం వరకే దాని పని. గుండుసూదులూ కచ్చా కుట్టూ చేసే పనినే ఇది జిగురుతో చేస్తుంది. ఎక్కువగా దొరికే వెడల్పులు 3, 6 మిల్లీమీటర్లు. ఒక వైపు ఉండే కాగితం పొరను, టేపు అంటించాక ఒలిచేస్తారు. ఉతుకులో కరిగిపోయే రకం ఒకటి, కుట్టులోనే ఉండిపోయే రకం మరొకటి. ఇస్త్రీ వేడికి కరిగి అతుక్కునే ఫ్యూజింగ్ పట్టీ ఈ కోవలోకి రాదు, అది శాశ్వతంగా అతికించేది.

ఒత్తితే అతుక్కునే మాస్కింగ్ టేపు చరిత్ర కార్లకు రంగులు వేసే షెడ్లలో మొదలైంది. రెండు రంగుల కార్లకు గీత చెదరకుండా వేయడం కోసం అమెరికాలో 3ఎం కంపెనీ ఉద్యోగి రిచర్డ్ డ్రూ మాస్కింగ్ టేపు తయారుచేశాడు. సంవత్సరం దగ్గర రాతలు కలవవు. 1923 అనేవాళ్లున్నారు, 1925 అనేవాళ్లున్నారు. ప్రయత్నం ముందే మొదలై, సరుకు 1925లో బయటికొచ్చిందనడమే సబబుగా ఉంది. కుట్టుపనిలో రెండువైపుల టేపుకు గట్టి చోటు దొరికింది తెరచాపల దగ్గర. పాలియెస్టర్ తెరచాప గుడ్డ బిరుసు, పైగా జారుడు. మీటర్ల కొద్దీ పొడవున దాన్ని గుండుసూదులతో అదుపు చేయడం కష్టం.

గుండుసూది విషయానికొస్తే, అది చవకైన వస్తువు కావడం వెనక పెద్ద కథే ఉంది. పని దశలుగా పంచుకుంటే పదిమంది కలిసి రోజుకు 48,000 సూదులు చేయగలరని 1776లో ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ రాశాడు.

ఇక పశ్చిమ నెల్లూరు కుట్టుపనికి వస్తే, ఇక్కడి ఊరు కొండాపురం. ఇది ఉదయగిరి నియోజకవర్గంలోని మండలకేంద్రం; కడప జిల్లాలో ఇదే పేరున్న రైల్వేస్టేషన్ ఊరు వేరు. కుట్టుపని తీరులో ఈ ప్రాంతం మిగతా ఆంధ్ర పల్లెలకు భిన్నమేమీ కాదు. మిషను ఇంటింటికీ చేరడానికి మాత్రం ఇక్కడ ఒక స్థానిక కారణం చెప్పుకోవచ్చు. పక్కనే ఉన్న కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు లేవదీసిన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే నెల్లూరు జిల్లాలో పొదుపు సంఘాలు పుట్టుకొచ్చాయి. సంఘం అప్పుతో గేదె కొన్నవాళ్లతో పాటు కుట్టుమిషను కొన్నవాళ్లూ ఉన్నారు.

ఈ మిషన్ల దగ్గర గుండుసూదుల వాడకం మొదటి నుంచీ తక్కువే. చెయ్యి తిరిగిన దర్జీ పొరలను వేళ్లతోనే సర్దుకుంటాడు. జారే బట్టయితే వేరే రంగు దారంతో పొడుగు కచ్చా కుట్లు వేసి, అసలు కుట్టు పడ్డాక లాగేస్తాడు. గుండుసూది తీయకుండా మిషను నడిపితే మిషను సూది దానికి తగిలి విరగొచ్చు. ప్రతి గుండుసూది దగ్గరా ఆగి తీసుకుంటూ పోతే పని సాగదు.

బ్లౌజుల్లో లైనింగ్ తప్పనిసరి అయ్యాక గమ్ము రంగంలోకి వచ్చింది. గుడ్డ మీద లైనింగ్ పరిచి, అంచుల వెంట గమ్ స్టిక్ రాసి అద్దేస్తారు. కాగితాలు అతికించడానికి 1969లో జర్మనీకి చెందిన హెంకెల్ ‘ప్రిట్’ పేరుతో తెచ్చిన వస్తువు, ఆఫీసు బల్ల దాటి జాకెట్టు చంకల దాకా వచ్చిందన్నమాట. బేస్టింగ్ టేపు చేయగలిగిన పనిలో సగం ఈ చవక గమ్ స్టిక్కే చేసేస్తోంది.

ధర చిన్న విషయం కాదు. ప్రభుత్వ బడి పిల్లల కోసం 2020లో మొదలైన జగనన్న విద్యా కానుక పథకంలో మూడు జతల యూనిఫాం బట్ట ఇచ్చి, కుట్టుకూలిగా 1–8 తరగతులకు జతకు 40 రూపాయలు, 9–10 తరగతులకు 80 రూపాయలు లెక్కగట్టారు. ఆ కూలిలో టేపు చుట్టకు చోటెక్కడిది?

టేపు అమ్మేవాళ్లు ముందుగా చూపించేది చీర ఫాల్. సుమారు రెండున్నర మీటర్ల పొడవు, ఐదంగుళాల వెడల్పు ఉన్న ఆ పట్టీని ముడత లేకుండా చీర అంచుకు పట్టించడం ఓపిక పని. నూలు నేత చీరకు, వాయిల్ చీరకు టేపు బాగానే పనికొస్తుంది. ఫాల్‌ను ముందే నీళ్లలో తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసుకోవాలి; లేకపోతే టేపు ఎంత సూటిగా అంటించినా మొదటి ఉతుకులో ఫాల్ కుంచించుకుపోయి అంచు ముడుచుకుంటుంది. పట్టుచీర దగ్గర మాత్రం చిక్కుంది. నీళ్లలో కరిగే జిగురు కరగాలంటే చీర తడవాలి. పట్టుచీర వెళ్లేది డ్రైక్లీనింగ్‌కి. అక్కడ వాడే ద్రావకంలో ఆ జిగురు కరగదు, జరీ అంచు వెనక బిరుసుగా మిగిలిపోతుంది. వెంకటగిరి పట్టు మీద గుండుసూది రంధ్రం కనిపిస్తుందన్న భయం న్యాయమైనదే. అయినా దానికి మందు సన్నని సూదితో, పట్టు దారంతో వేసే కచ్చా కుట్టే.

టేపుకు సాటిలేని చోటు రంధ్రం పూడని సరుకు. తోలు, రెక్సిను, రెయిన్‌కోటు గుడ్డ ఇలాంటివి. ఆటో సీటు కవరుకు గుండుసూది గుచ్చితే ఆ చిల్లు ఉండిపోతుంది, వానకోటుకైతే నీరు కారుతుంది. చెప్పుల పరిశ్రమలోనూ పై భాగం తోలు ముక్కలను కుట్టే ముందు జిగురుతోనో టేపుతోనో పట్టిస్తారు. జిప్పు వేయడం, చొక్కా జేబు మీద గళ్లు కలపడం కూడా టేపుతో తేలిక.

వాడకంలో ఒకే నియమం ముఖ్యం: టేపు కుట్టు గీతకు పక్కన, మార్జిన్ వైపు ఉండాలి. గీత మీదే పడితే జిగురు సూదికి అంటి, కుట్లు తప్పుతాయి, దారం తెగుతుంది. అలా అయితే సూదిని స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడవాలి, లేదా ఒక నంబరు లావు సూది వేయాలి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఈ మెట్ట ప్రాంతంలో జిగురు మెత్తబడి పట్టు సడలుతుంది. అందువల్ల అంటించిన ముక్కలను మర్నాటికి ఉంచకుండా అప్పుడే కుట్టేయడం మంచిది. మిగిలిన చుట్టను దుమ్ము పడకుండా డబ్బాలో, నీడపట్టున పెట్టుకోవాలి.