చేతి నుంచి చేతికి వచ్చిన పెష్రెవ్

17వ శతాబ్దం చివర ఇస్తాంబుల్‌లో ఒక రాకుమారుడు పూచీకత్తుగా ఉండేవాడు. పేరు దిమిత్రీ కాంతెమీర్. తండ్రి మోల్దావియా పాలకుడు. ఆయన సుల్తాను మాట దాటకుండా ఉండేందుకు కొడుకును ఒట్టోమన్ రాజధానిలో ఉంచుకున్నారు. ఖైదు మాత్రం లేదు. ఆ వెసులుబాటులో కాంతెమీర్ తన్బూర్ నేర్చాడు; పొడవాటి దండి, దాని మీద దగ్గరదగ్గరగా కట్టిన మెట్లు ఉన్న తీగవాద్యమది. 1700 ప్రాంతంలో ఒక గ్రంథం కూడా రాశాడు. స్వరానికి అక్షరం, దాని నిడివికి అంకె వేసుకుంటూ సుమారు 350 వాద్య రచనలను అందులోకి ఎక్కించాడు.

అంతకు అర్ధశతాబ్దం ముందే మరొకరు ఈ పని చేశారు. పోలండులో పుట్టి, తాతార్లకు చిక్కి, బానిసగా అమ్ముడై, సుల్తాను అంతఃపురంలో సంతూర్ వాద్యకారుడైన అలీ ఉఫ్కీ. యూరప్ స్వరలిపిని ఆయన కుడి నుంచి ఎడమకు తిప్పి రాశాడు, కింద తుర్కీ సాహిత్యం దాని సహజమైన దిశలో సాగడానికి. రాసిపెట్టాలన్న తపన బయటి నుంచి వచ్చిన ఈ ఇద్దరికీ కలిగింది. ఆస్థాన విద్వాంసులకు మాత్రం ఆ అవసరం పెద్దగా తోచలేదు.

వాళ్లకు ‘మెష్క్’ ఉంది. గురువు ఎదుట కూర్చుని, ‘దుమ్’ అంటూ కుడి మోకాలి మీద, ‘తెక్’ అంటూ ఎడమ మోకాలి మీద వేస్తూ ఉసూల్‌ను, అంటే తాళాన్ని, ముందు ఒంటపట్టించుకోవాలి. ఆ తర్వాత బాణీ ముక్కముక్కగా వస్తుంది. అలా వచ్చిన వాటిలో పెద్ద రచన పెష్రెవ్. సాధారణంగా నాలుగు ఖండాలు, ప్రతి ఖండం చివరా తిరిగి వచ్చే పల్లవి లాంటి భాగం. కచేరీ ముగింపులో వచ్చేది సాజ్ సెమాయిసి. ఎక్కువ భాగం పది మాత్రల నడక, చివరి ఖండంలో తరచు ఆరు మాత్రల చురుకుదనం. వీటి మధ్య, తాళం కట్టుబాటు లేకుండా, రాగం లాంటి స్వరవ్యవస్థ అయిన మకామ్‌ను విప్పిచెప్పే అప్పటికప్పుడు పుట్టే వాయింపు తక్సీమ్. మన రాగాలాపనకు అలవాటుపడ్డ చెవికి ఇది కొత్త అనిపించదు.

అసలు విశేషం రాతకూ నోటికీ మధ్య ఉన్న తేడాలో ఉంది. కాంతెమీర్ రాసిన కొన్ని పెష్రెవ్‌లు 19వ శతాబ్దపు చేతిరాతల్లో మళ్లీ కనిపిస్తాయి. పేరు అదే, మకామ్ అదే. బాణీని పోల్చుకోవడమే కష్టం. నడక నెమ్మదించింది, మధ్య ఖాళీల్లోకి కొత్త స్వరాలు వచ్చి చేరాయి. కాంతెమీర్ కాలంలో 14 మాత్రలున్న ‘దెవ్ర్-ఇ కెబీర్’ తాళం తరువాత 28 మాత్రలైంది. దీన్ని జ్ఞాపకం చేసిన తప్పు అనలేం. ప్రతి తరమూ తన చేతికి నచ్చినట్టు నగిషీ పెట్టింది, ఆ నగిషీయే వచ్చే తరానికి మూలమైంది. పాత రూపం తెలియాలంటే మాత్రం కాంతెమీర్ దగ్గరికే వెళ్లాలి.

ఆ 19వ శతాబ్దపు రూపాలు దక్కడానికి కారకుడు, వాటిని రాసిన స్వరలిపిని రూపొందించిన ఆర్మీనియన్ సంగీతజ్ఞుడు హంపార్త్‌సూమ్ లిమోంజియాన్. స్వయంగా వాగ్గేయకారుడైన సుల్తాన్ మూడవ సెలీమ్ ఆస్థానంలో యూదు విద్వాంసుడు తన్బూరీ ఇసాక్ గురుస్థానంలో ఉన్న రోజులవి. ‘తుర్కీ సంగీతం’ అన్న పేరు వెనుక ఎన్ని ఇళ్లవాళ్లున్నారో ఇక్కడే తెలుస్తుంది.

తన్బూరీ జెమీల్ బే (1873–1916) వచ్చేసరికి గ్రామఫోన్ వచ్చింది. తన్బూర్‌తో పాటు కెమెంచె కూడా ఆయన చేతి వాద్యం. దాన్ని మోకాళ్ల దగ్గర నిలిపి, తీగను వేలి కొసతో నొక్కకుండా గోటి పక్కభాగంతో తాకుతూ కమాను లాగుతారు. ఆ జారుడు నాదం అక్కడ పుడుతుంది. డిస్కు ఒక వైపున పట్టేది మూడు నాలుగు నిమిషాలే. జెమీల్ తన తక్సీమ్‌లను అంతలోనే ఇమిడ్చాడు. ఒక్కసారి పుట్టి పోవలసిన వాయింపును తర్వాతివాళ్లు స్వరలిపిలోకి దింపుకుని పాఠంగా సాధన చేశారు.

తుర్కీ గణతంత్రం తొలి దశ ఈ విద్యకు కలిసిరాలేదు. 1925లో సూఫీ మఠాలను మూసేశారు. నెయ్ వేణువుకు పుట్టిల్లు లాంటి మెవ్లెవీ మఠాలూ వాటితోనే పోయాయి. 1926లో ఇస్తాంబుల్ సంగీత విద్యాలయం దారుల్ ఎల్హాన్‌లో తుర్కీ సంగీత బోధన ఆగింది. 1934 నుంచి 1936 దాకా రేడియోలోనూ నిషేధమే. అయినా తీగ తెగలేదు. జెమీల్ కొడుకు మెసూత్ జెమీల్ రేడియోలో ఈ సంగీతానికి పెద్దదిక్కయ్యాడు. ఆయన శిష్యుడు నెజ్దెత్ యషార్ తన్బూర్ పట్టి, నెయ్ విద్వాంసుడు నియాజీ సాయిన్‌తో జంటగా వాయించాడు. ప్రభుత్వమే తుర్కీ సంగీతానికి ప్రత్యేక విద్యాలయం పెట్టడానికి 1975 దాకా పట్టింది.

ఇవాళ విద్యార్థి ముందు స్వరలిపి కాగితం ఉంటుంది. అందులో ఉష్షాక్ మకామ్ రెండో స్వరానికి ఒక గుర్తు ఉంటుంది. వాయించేటప్పుడు దాన్ని రాసినదానికంటే కాస్త దించి పలకాలి, అవరోహణలో ఇంకా కాస్త. ఎంత దించాలన్నది కాగితం చెప్పదు. గురువు వాయిస్తారు, శిష్యుడు మెట్టు దగ్గర వేలు సర్దుకుంటాడు.